వరి మడిలో మీథేన్: నీరు ఎప్పుడు తీయాలి, గడ్డిని ఏం చేయాలి (కృష్ణా డెల్టా)

మాగాణి_కొల్లిపర

నమస్కారం అండీ. తిండికీ వాతావరణం వేడెక్కడానికీ సంబంధం ఏమిటని ఎక్కడ అడిగినా మాంసం గురించే ఎక్కువ చెబుతారు. మన కాలువల కింద లెక్క వేరు. సార్వా, అంటే వానాకాలం వరి వచ్చిందంటే కనుచూపు మేర నీళ్లు నిలిచిన మడే. అందుకని మూడు ప్రశ్నలు, తెలిసినవాళ్లు అంకెలతో చెప్పండి. ఎకరం వరి నుంచి ఎంత మీథేన్ పోతుంది? మధ్యలో మడి ఆరగడితే దిగుబడి దెబ్బతినకుండా ఎంత తగ్గించొచ్చు? కోత మిషన్ వదిలిన గడ్డిని కాల్చకుండా, వెనకాల వేసే మినుముకు అడ్డం రాకుండా ఏం చేయాలి? భూమి నల్లరేగడి, నీరు కాలువ వంతు మీద, సాగు కౌలు. ఈ మూడూ లెక్కలోకి తీసుకోని సలహా మా వైపు నిలబడదు.

లెక్కల_పుస్తకం, గుంటూరు

మొదటి ప్రశ్నకి. మడిలో నీరు పెట్టిన కొద్ది రోజుల్లోనే మట్టిలో ఆక్సిజన్ అయిపోతుంది. తర్వాత నైట్రేటు, ఇనుము, సల్ఫేటు వరసగా ఖర్చయిపోతాయి. అప్పుడుగానీ మీథేన్ చేసే సూక్ష్మజీవులకు అదను దొరకదు. వాటి మేత మట్టిలో కుళ్లే గడ్డి, మోళ్లు, వరి వేళ్లు వదిలే రసాలు. తయారైన వాయువులో ఎక్కువ భాగం వరి మొక్కలో ఉండే గాలి గొట్టాల గుండానే పైకి పోతుంది. మడి ఒకసారి ఆరితే గాలి లోపలికి దిగి ఇనుము మళ్లీ తుప్పు రూపంలోకి మారుతుంది. నీరు తిరిగి పెట్టినా అదంతా మళ్లీ ఖర్చయ్యేదాకా మీథేన్ పుంజుకోదు. నాలుగైదు రోజులు ఆరబెట్టినదానికి అంతకంటే ఎక్కువ రోజుల ఫలితం వచ్చేది అందుకే.

ఇక అంకెలు. ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) 2019లో సవరించిన పట్టికలో దక్షిణాసియాకి, కాలమంతా నీరు నిలిచిన మడికి, హెక్టారుకు రోజుకు 0.85 కిలోల మీథేన్ అని ఇచ్చారు. పంటకాలం 112 రోజులు. గుణిస్తే హెక్టారుకు 95 కిలోలు, ఎకరాకు 38.5 కిలోలు. వందేళ్లలో వేడెక్కించే లెక్కన కిలో మీథేన్ 27 కిలోల కార్బన్ డయాక్సైడ్ పెట్టు. అంటే ఎకరాకు దాదాపు 1,040 కిలోలు. ఇంట్లో వాడే 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ మొత్తం మండితే 42 కిలోలు వస్తుంది. ఒక్క ఎకరం, ఒక్క పంట, సుమారు 25 సిలిండర్లకు సమానం.

ఇది సగటు అంకె. గడ్డి దున్నిన మడిలో పెరుగుతుంది, ఆరబెట్టిన మడిలో తగ్గుతుంది. అదే పట్టిక ప్రకారం ఒకసారి ఆరబెడితే 0.71తో, ఒకటికి మించి ఆరబెడితే 0.55తో గుణించాలి. అంటే ఎకరాకు 38.5 కిలోలు 27కి గానీ 21కి గానీ దిగుతుంది. పైగా మీథేన్ గాలిలో ఉండేది సుమారు 12 ఏళ్లే. 20 ఏళ్ల లెక్క తీస్తే దాని దెబ్బ కార్బన్ డయాక్సైడ్‌కు 80 రెట్లు. ఇప్పుడు తగ్గిస్తే ఫలితం మన తరంలోనే కనిపిస్తుంది.

గొట్టం_గట్టు, తెనాలి

రెండో ప్రశ్నకి నేను చెబుతాను. ఆరుతడిలో, అంటే మడిని మార్చి మార్చి ఆరబెట్టి తడిపే పద్ధతిలో, అసలు చిక్కు మడి ఎంతవరకు ఆరిందో కంటికి కనబడకపోవడం. పైన నెర్రె కనిపించగానే గుండె గుభేలుమని తూము ఎత్తేస్తారు. అప్పటికి లోపల నీటిమట్టం నాలుగు వేళ్లు కూడా దిగి ఉండదు. గొట్టం పెట్టేది దీనికే.

పీవీసీ గొట్టం 30 సెంటీమీటర్ల పొడవు, 10 నుంచి 15 సెంటీమీటర్ల వ్యాసం. ఇంతకంటే సన్నం తీసుకుంటే లోపలి మట్టి తీయడానికి చెయ్యి పట్టదు. కింది 15 సెంటీమీటర్ల మేర చుట్టూ రెండేసి సెంటీమీటర్ల దూరంలో డ్రిల్లుతో బెజ్జాలు వేయాలి. పై సగానికి బెజ్జాలు వద్దు. బెజ్జాలున్న భాగం పూర్తిగా మట్టిలోకి దిగేలా, పై 15 సెంటీమీటర్లు బయట ఉండేలా దించాలి. తర్వాత లోపలి మట్టిని అడుగు కనపడేదాకా చేత్తో తీసేయాలి. ఈ పని వదిలేస్తే గొట్టం అలంకారమే.

సరిగా కూర్చుందో లేదో తెలియాలంటే మడికి నీరు పెట్టిన రోజు లోపలి మట్టం, బయటి మట్టం పోల్చండి. కొన్ని గంటలైనా రెండూ ఒకటి కాకపోతే బెజ్జాలు బంకమట్టితో పూడుకున్నట్టే. తీసి కడిగి మళ్లీ దించాలి. నల్లరేగడిలో ఇది తరచూ జరుగుతుంది.

నడిపే తీరు: ఊడ్చాక రెండు వారాలు పలచగా నీరు ఉంచండి. నారు నాటుకోవాలి, కలుపు మందు పనిచేయాలి. ఆ తర్వాత నీరు కట్టడం ఆపేసి గొట్టం చూస్తూ ఉండాలి. లోపలి నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్లు దిగగానే మళ్లీ 5 సెంటీమీటర్లు పెట్టాలి. ఈనికకు వారం ముందు నుంచి వారం తర్వాత వరకు ఆరబెట్టొద్దు, 5 సెంటీమీటర్లు నిలబడి ఉండాలి. అప్పుడు ఎండితే తాలు గింజ. పాలు పోసుకున్నాక మళ్లీ ఆరుతడి. 15 సెంటీమీటర్ల హద్దు దాటకుండా నడిపితే దిగుబడి తగ్గదని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ చెబుతోంది. బోరు కింద దాళ్వా (సార్వా తర్వాత రెండో కారు వరి) వేసేవాళ్లకి కరెంటు, నీరు రెండూ మిగులుతాయి.

శివారు_ఆయకట్టు, రేపల్లె

గొట్టం గారూ, మీరు చెప్పింది బోరు కింద బాగుంటుంది. కాలువ కింద మూడు అడ్డంకులున్నాయి, ఇవి చెప్పకపోతే రైతు నష్టపోతాడు.

ఒకటి, నల్లరేగడి. 15 సెంటీమీటర్లు దిగేసరికి నెర్రెలు వేలు పట్టేంత అవుతాయి. తర్వాత పెట్టిన నీరు ఆ నెర్రెల్లోంచి కిందికి దిగిపోతుంది, మడి నిండదు. ఆరబెట్టి ఆదా చేసిన నీరంతా అక్కడే ఖర్చు. కాబట్టి మన భూముల్లో హద్దు 15 కాకుండా 10 సెంటీమీటర్ల దగ్గర పెట్టుకోవాలి. వెంట్రుక వాసి నెర్రె రాగానే నీరు పెట్టడం మేలు.

రెండు, వంతు. వారానికో పది రోజులకో నీరు వస్తుందని నమ్మకం ఉంటే రైతు ఆరబెడతాడు. మళ్లీ ఎప్పుడొస్తుందో కాలువ నీరు చూసే లస్కరు కూడా చెప్పలేని చోట గట్టు తెగేదాకా నింపుకుంటాడు. అది అత్యాశ కాదు, భయం. దానికితోడు మా వైపు చాలా మళ్లకు బోదెలే (విడిగా నీరు తెచ్చే చిన్న కాలువలే) లేవు, పై మడి నుంచి కింది మడికి పారకం. పైవాడు ఆరబెడితే కిందివాడికి నీరుండదు. బోదె తవ్వని చోట ఆరుతడి ఒక్క రైతు చేతిలో పని కాదు. ఒక తూము కింద ఉన్నవాళ్లంతా కలిసి చేయాలి.

మూడు, ఉప్పు. రేపల్లె, నిజాంపట్నం, అటు బందరు దిగువన సముద్రం పక్క భూముల్లో అడుగున ఉప్పునీరు. పైన మంచినీరు నిలిచి ఉన్నంతకాలం అది కిందికి నొక్కి ఉంటుంది. మడి ఆరితే ఉప్పు పైకి లేస్తుంది, ఆకు కొసలు మాడతాయి. అక్కడ ఆరుతడి జోలికి పోవద్దు.

గొట్టం_గట్టు, తెనాలి

మీ మూడూ సరైనవే. 10 సెంటీమీటర్ల మాట నేనే ముందు రాసి ఉండాల్సింది.

కాలువ కింద కనీసం ఒక్కసారి ఆరబెట్టడం మాత్రం చాలా చోట్ల వీలవుతుంది. పిలకలు పూర్తయ్యే దశ, అంటే ఊడ్చాక 30 నుంచి 35 రోజుల మధ్య, ఐదారు రోజులు నీరు తీసేయాలి. పనికిరాని పిలకలు ఆగిపోతాయి, వేరు లోతుకు దిగుతుంది, పైరు తర్వాత పడిపోదు. 0.71 అన్న అంకె దీనికే. అయితే ఆ రోజులు ఆగస్టు, సెప్టెంబరు వానల్లో పడతాయి. నీరు తీయాలంటే పోయే దారి ఉండాలి. మురుగు కాలువలు గుర్రపుడెక్కతోనూ తూటికాడతోనూ పూడిపోయిన ఊళ్లో మడి ఎలా ఆరుతుంది? డెల్టాలో మీథేన్ తగ్గించే మొదటి పని మురుగు కాలువ బాగుచేయడమే అని నా గట్టి అభిప్రాయం. దానివల్ల ముంపూ తగ్గుతుంది.

ప్రశ్న_చేబ్రోలు

మడి తడిపి ఆరబెడితే నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుందంటారు, అది మీథేన్ కన్నా ఎన్నో రెట్లు చెడ్డదంటారు. మరి లాభమేంటి?

లెక్కల_పుస్తకం, గుంటూరు

పెరుగుతుంది, నిజమే. ఎంతో చూద్దాం. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20.7 కిలోలు. ఎకరాకు రెండు బస్తాలంటే 41.4. ఐపీసీసీ అంకె ప్రకారం నీరు నిలిచిన మడిలో వేసిన నత్రజనిలో 0.3 శాతం, ఆరబెట్టిన మడిలో 0.5 శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుంది. తేడా 0.2 శాతం. వాయువుగా అది 130 గ్రాములు. ఒక కిలో 273 కిలోల కార్బన్ డయాక్సైడ్ పెట్టు కనుక, పెరిగింది సుమారు 36 కిలోలు. ఒకటికి మించి ఆరబెట్టిన అదే మడిలో మీథేన్ వైపు తగ్గింది 17.3 కిలోలు, అంటే 468 కిలోలు. నికరంగా 430 కిలోల లాభం.

యూరియా రెట్టింపు వేసినా లాభం లాభమే. కానీ యూరియా వేసే తీరు మాత్రం మారాలి. నిండా నీరున్న మడిలో చల్లితే అమ్మోనియాగా గాలికి పోతుంది, ఆరి నెర్రెలిచ్చిన మడిలో చల్లి నీరు వదిలితే నెర్రెల్లోకి పోతుంది. నీరు తీసి బురద పదనులో చల్లి, 36 నుంచి 48 గంటలాగి పలచగా నీరు పెట్టాలి. దమ్ములో (ఊడ్పుకు ముందు బురద దున్నేటప్పుడు), పిలక దశలో, అంకురం దశలో (వెన్ను మొదలయ్యేటప్పుడు) మూడు దఫాలు.

మెట్ట పంటల్లో ఈ వాయువు ఇంకా ఎక్కువ. మొక్కజొన్నకో మిర్చికో వేసిన నత్రజనిలో 1 శాతం పోతుందని లెక్క. ఒక్కో బస్తా యూరియాకి నైట్రస్ ఆక్సైడ్ వైపు నుంచే సుమారు 89 కిలోల కార్బన్ డయాక్సైడ్ పెట్టు. గుంటూరు మిర్చిలో బస్తాల మీద బస్తాలు గుమ్మరించే అలవాటుకు డ్రిప్పులో కొద్దికొద్దిగా ఇవ్వడమే విరుగుడు.

కుప్ప_నూర్పిడి, దుగ్గిరాల

మూడో ప్రశ్న, గడ్డి. ఇక్కడే అందరూ తప్పు దారి పడుతున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

కాల్చడం ఎందుకు పెరిగింది? కోత కూలీ దొరకదు, నవంబరు డిసెంబరులో తుపాను భయం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు పనల మీద ఉన్న వరి ఏమైందో మన జిల్లాలన్నింటికీ తెలుసు. అందుకని మిషన్ పిలుస్తారు. మిషన్ మోకాలెత్తు మోళ్లు వదిలి, వెనక గడ్డిని వరుసలుగా పోస్తుంది. ఆ వరుసల కింద మినుము మొలక పైకి రాలేదు. అగ్గిపుల్ల చవక.

ఎకరాకు 2 టన్నుల గడ్డి కాలిస్తే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కలిపి దాదాపు 147 కిలోల కార్బన్ డయాక్సైడ్ పెట్టు. పొగ, బూడిద, గడ్డిలోని నత్రజని దాదాపు అంతా గాలిపాలు కావడం దీనికి అదనం. కాల్చొద్దు సరే. అయితే కాల్చకుండా దున్నేయడం ఎప్పుడూ మంచిదే అనుకోవద్దు. దున్నిన అదను బట్టి లెక్క తలకిందులవుతుంది. ఆ 2 టన్నుల గడ్డిని దాళ్వా ఊడ్పుకు నెలలోపు దమ్ములో తొక్కేస్తే మీథేన్ 2.9 రెట్లవుతుంది, 38.5 కిలోలు కాస్తా 111. అంటే దాదాపు 1,950 కిలోల కార్బన్ డయాక్సైడ్ కొత్తగా కలిపినట్టు. అదే గడ్డి నెలకు పైగా పొడి నేలలో కుళ్లిన తర్వాత నీరు పెడితే 1.5 రెట్లే. గాలి తగిలి కుళ్లినప్పుడు మేత ముందే అయిపోతుంది, నీరొచ్చేసరికి మీథేన్ సూక్ష్మజీవులకు మిగిలేది తక్కువ.

కాబట్టి మన పద్ధతుల వారీగా:

వరి వెనక వరి వేసే మడిలో గడ్డి దున్నొద్దు. బేలరుతో కట్టలు కట్టించి బయటికి తీయండి. మోళ్లు మాత్రం దున్నితే చాలు. దాళ్వాకి వ్యవధి తక్కువ, నెల ఆగే వీలుండదు.

వరి వెనక మినుము. చేత్తో కోసే మడిలో పాత పద్ధతే మేలు: కోతకు రెండు మూడు రోజుల ముందు నిలిచిన నీరు లేకుండా, కాలు వేస్తే ముద్ర పడేంత పదనులో ఎకరాకు 16 నుంచి 18 కిలోల విత్తనం చల్లడం. పనలు వారంలోపు తీసేయాలి. మిషన్ కోత అయితే ముందు చల్లకండి. మిషన్ చైన్లు, తర్వాత బేలరు ట్రాక్టరు, రెండూ మొలకను తొక్కేస్తాయి. కోసి, ఎండ తగిలాక బేలరు తిప్పి, పదను పోకముందే విత్తే యంత్రంతో దున్నకుండా వేయండి. నల్లరేగడిలో పదను నిలుస్తుంది కాబట్టి ఈ రెండు మూడు రోజుల ఆలస్యం మోయగలదు. తేలిక నేలల్లో మోయదు. బేలరు వచ్చేటప్పటికి గడ్డి చెమ్మగా ఉంటే కట్ట బూజు పడుతుంది, పశువు ముట్టదు. పొద్దున మంచు ఆరాక, మధ్యాహ్నం కట్టించాలి.

వరి వెనక దున్నకుండా మొక్కజొన్న. తాడు పట్టి బొక్కలు వేసి విత్తే ఈ పద్ధతికి మన కొల్లిపర, దుగ్గిరాల వైపు అలవాటు ఎప్పటినుంచో ఉంది. దీనికి మోళ్లు అడ్డమే కాదు. నిలబెట్టి ఉంచితే తేమ కాపాడతాయి. తీయాల్సింది వదులుగా పడ్డ గడ్డి వరుసలనే. మోళ్లు వేసవి దాకా పొడిగా కుళ్లి, జూన్ నాటికి చేత్తో నలిపితే పిండి అవుతాయి. సార్వాకి దున్నినా మీథేన్ పెద్దగా పెరగదు.

ప్రశ్న_చేబ్రోలు

జీలుగ, పిల్లిపెసర కలియదున్నితే భూమికి బలం అంటారు. దానివల్ల కూడా మీథేన్ పెరుగుతుందా?

కుప్ప_నూర్పిడి, దుగ్గిరాల

పెరుగుతుందండీ. పచ్చిరొట్ట లేతది, మడిలో వెంటనే కుళ్లుతుంది. ఎకరాకు 4 టన్నుల పచ్చిరొట్ట తొక్కితే మీథేన్ రెండున్నర రెట్లు దాటుతుంది. కానీ దాంతో యూరియా ఒక బస్తా తగ్గుతుంది, నేల గుల్లబారుతుంది. మానేయమని చెప్పను. పచ్చిరొట్ట వేసిన మడిని తప్పకుండా ఆరబెట్టమని చెబుతాను. వీలున్నవాళ్లు మాగిన పశువుల ఎరువు, కంపోస్టు వేసుకుంటే పెరుగుదల చాలా తక్కువ. పచ్చి పేడ తెచ్చి దమ్ములో వేయడం మాత్రం మానాలి.

పాడి_వడ్లమూడి

కట్టలు కట్టిన గడ్డి ఎటు పోతుందో కూడా మాట్లాడుకుందాం. పశువు తిన్న మేత శక్తిలో ఆరేడు శాతం మీథేన్‌గా త్రేన్పులో పోతుంది. ఐపీసీసీ 2006 పట్టిక గేదెకు సంవత్సరానికి 55 కిలోలు ఇచ్చింది, అంటే 1,485 కిలోల కార్బన్ డయాక్సైడ్ పెట్టు. ఏడాదికి 1,500 లీటర్లు ఇచ్చే గేదెకు లీటరుకు కిలో, 750 లీటర్లు ఇచ్చేదానికి రెండు కిలోలు పడుతుంది. చూడి కట్టకుండా నెలల తరబడి ఒట్టిపోయి ఉన్న గేదె పాల లెక్కనూ గాలి లెక్కనూ రెంటినీ పాడుచేస్తుంది.

ఒట్టి వరిగడ్డి అరగడం కష్టం, మీథేన్ ఎక్కువ. దాన్ని మాగవేయండి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి పొరపొరకూ సమంగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి 21 రోజులు ఉంచాలి. తీశాక గంటసేపు ఆరబోసి ఘాటు పోయాకే మేపాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టొద్దు. యూరియా ముద్దలు కరగకుండా మిగిలితే పశువు ప్రాణానికే ముప్పు, కొలత తప్పకండి. బెంగళూరులోని జాతీయ పశుపోషణ సంస్థ తయారుచేసిన హరిత్ ధార అనే మేత మిశ్రమం మీథేన్‌ను 17 నుంచి 20 శాతం తగ్గిస్తుందని ఆ సంస్థ ప్రకటించింది.

పేడకు గోబర్ గ్యాస్. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ, అంతే నీరు. నాలుగైదు పశువులుండాలి. గొట్టం అతుకుల దగ్గర సబ్బు నీరు రాసి బుడగలు చూడటం నెలకోసారి చేయాలి. కారే ప్లాంటు మీథేన్‌ను నేరుగా గాలికి వదులుతుంది, అలాంటిది ఉండేకన్నా పేడను పల్చగా ఆరబెట్టడం నయం.

బెజవాడ_వంటిల్లు

పట్నం వైపు నుంచి ఒక్క మాట. ఎకరాకు 30 బస్తాల ధాన్యం, 75 కిలోల బస్తా, 65 శాతం బియ్యం అనుకుంటే సుమారు 1,460 కిలోలు. లెక్కల గారి అంకె ప్రకారం కిలో బియ్యానికి 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పెట్టు మడిలోనే పడింది. మెస్సుల్లో, పెళ్లి భోజనాల్లో పారేసే అన్నం అంటే ఈ మీథేన్ అంతా ఊరికే పోయినట్టు. పైగా చెత్త గుట్టలో కుళ్లి మళ్లీ మీథేన్. బియ్యం అరగంట నానబెట్టి మూతపెట్టి వండటం, మిగిలింది విడిగా తడి చెత్తలో వేయడం చిన్నవే, చేయాల్సినవే.

ఒక ప్రశ్న. మా కొనుగోలుదారులు అడిగేది సాంబ మసూరి, అదే బీపీటీ 5204. అది 150 రోజుల రకం కదా, మీథేన్ ఎక్కువేనా?

లెక్కల_పుస్తకం, గుంటూరు

మడిలో నీరు ఎన్నాళ్లుంటే అన్నాళ్లు. ఎకరాకు రోజుకు సుమారు 340 గ్రాములు. నెల తక్కువ ఉండే రకానికి 10 కిలోలు తగ్గుతుంది. కానీ సాంబ మసూరి ధర వేరు, రైతును మార్చమనడం న్యాయం కాదు. అదే రకాన్ని ఆరబెట్టి పండిస్తే అంతకంటే ఎక్కువ తగ్గుతుంది.

మాగాణి_కొల్లిపర

అందరికీ ధన్యవాదాలండీ. కార్బన్ క్రెడిట్ అంటూ ఊళ్లలో సంతకాలు తీసుకుంటున్నారు. కౌలు రైతు సంతకం పెట్టొచ్చా?

శివారు_ఆయకట్టు, రేపల్లె

గాలికి పోకుండా ఆపిన టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు ఒక క్రెడిట్, దాన్ని అమ్ముతారు. పైన చూశారుగా, ఎకరాకు నికరంగా 430 కిలోలు, అంటే అర క్రెడిట్ కూడా రాదు. అందులో సంస్థ ఖర్చులు పోను రైతు వాటా. అప్పు తీరుతుందన్న ఆశతో సంతకం పెట్టకండి. 2024లో వెర్రా అనే ధ్రువీకరణ సంస్థ చైనాలోని 37 వరి ప్రాజెక్టులను తిరస్కరించింది, కాగితం మీద క్రెడిట్ ఉన్నంత మాత్రాన డబ్బు రాదు. ఒప్పందంలో మూడు చూడండి: డబ్బు భూయజమానికా సాగుదారుకా, ఎన్నేళ్లు కట్టుబడాలి, వానల వల్ల ఆరబెట్టలేకపోతే జరిమానా ఉందా. కౌలు ఏడాదికేడాది మారే చోట ఐదేళ్ల ఒప్పందం మీద కౌలుదారు సంతకం పెట్టకూడదు.

మాగాణి_కొల్లిపర

సరే. చివరిగా ఒకటి: ఎకరం మడిలో గొట్టం ఎక్కడ పెట్టాలి, ఎన్ని?

గొట్టం_గట్టు, తెనాలి

చదునుగా ఉంటే ఒకటి చాలు. గట్టు నుంచి రెండు మీటర్లు లోపలికి, నడిచి వెళ్లి చూసేందుకు వీలుగా. తూము పక్కన వద్దు, పల్లంలోనూ వద్దు, సగటు ఎత్తున్న చోట పెట్టండి. మడిలో నాలుగు వేళ్ల ఎత్తుపల్లాలుంటే రెండు గొట్టాలు, మెరకలో ఉన్నదాన్ని బట్టి నీరు పెట్టాలి. దానికంటే దమ్ములోనే చెక్క బాగా తోలి చదును చేయడం మంచిది. నీరు పెట్టిన మర్నాటికే గొట్టంలో మట్టం పడిపోతే పైరు తాగిందనుకోవద్దు, గట్టు చుట్టూ తిరిగి పీత బొరియలు చూడండి. బొరియలో బంకమట్టి ముద్ద కుక్కి తొక్కి, ఆ రోజు నుంచి మళ్లీ లెక్క మొదలుపెట్టండి.